ద్వీపంలో కుటుంబ సెలవులు: ఇంట్లో వంట, బయట భోజనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వంటగది ఉన్న ఇల్లు తీసుకోవాలా? రోజూ బయట తింటే పోదా?

మూడు నాలుగు రోజుల ట్రిప్ అయితే వంటగది గురించి తల బద్దలు కొట్టుకోకండి. నూనె సీసా మూత తీసి, ఉప్పు ప్యాకెట్ చింపి, వాటిలో పావు వంతు కూడా వాడకముందే తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. వారం, ఆపైన ఉండేటట్లయితే, ముఖ్యంగా వెంట చిన్నపిల్లలుంటే, వంటగది ఉన్న ఇల్లే మేలు. డబ్బు మిగలడం ఒక్కటే కాదు. తెల్లారి ఐదున్నరకే లేచి ఆకలంటూ ఏడ్చే పిల్లాడికి ఎనిమిదింటికి తెరిచే రెస్టారెంట్ ఏం పనికొస్తుంది?

అయితే వంటగది ఉంది కదా అని మూడు పూటలా వండేయాలని లేదు. ఏడాదంతా ఇంట్లో వండే మనిషికి కూడా ఇవి సెలవులే. ఈ సంగతి ఇంటిల్లిపాదీ బయలుదేరే ముందే ఒప్పుకుంటే సగం గొడవలు రావు. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

మరి ఏ పూట వండాలి, ఏ పూట బయట తినాలి?

మూడు ట్రిప్పుల తర్వాత మాకు కుదిరిన పద్ధతి ఇది: పొద్దున ఇంట్లో, మధ్యాహ్నం బయట కడుపు నిండా, రాత్రి మళ్లీ ఇంట్లో తేలిగ్గా. మామూలుగా అందరూ రాత్రి భోజనానికి బయటికి వెళ్తారు. మేం దాన్ని తిరగేశాం. చాలా రెస్టారెంట్లలో మధ్యాహ్నం మెనూ రాత్రి మెనూ కంటే చవక. వంటవాడు అదే, చేప అదే. పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో ఇసుక మీద ఎలాగూ ఉండకూడదు. ఆ గంటన్నర ఫ్యాన్ కింద కూర్చుని తింటే పిల్లల వీపులు కమిలిపోకుండా కూడా ఉంటాయి.

రాత్రుళ్ల సంగతి వేరు. భూమధ్యరేఖకు దగ్గర్లో ఏడాది పొడవునా పొద్దు ఆరు, ఆరున్నరకల్లా గూకుతుంది. సంజ వెలుగు కూడా ఎక్కువసేపు నిలవదు, చూస్తూ ఉండగానే చీకటి పడిపోతుంది. పగలంతా ఈత కొట్టిన పిల్లలు ఏడున్నరకి టేబుల్ మీద తల వాల్చేస్తారు. ఆర్డర్ చేసింది రాకముందే నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ఫోర్క్ పట్టుకుని తిన్న భోజనం నాకింకా గుర్తుంది. రుచి మాత్రం గుర్తు లేదు.

ఇంట్లో రాత్రి వంట ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి. గుడ్లు, నూడుల్స్, సూప్, టోస్ట్, కోసిన పండ్లు. అంతకు మించి వద్దు. వారంలో ఒక్క సాయంత్రం మాత్రం సముద్రానికి ఎదురుగా ఉన్న చోట ఐదున్నరకే టేబుల్ బుక్ చేసుకోండి. పిల్లలు మెలకువగా ఉంటారు, సూర్యాస్తమయమూ దక్కుతుంది.

‘పూర్తి వంటగది’ అని రాశారు. నిజంగా ఏముంటుంది?

ఫొటోలో మెరిసే గ్రానైట్ బల్ల ఉంటుంది. సొరుగు తెరిస్తే నాలుగు ఫోర్కులు, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం ఒకటి, వెన్న కూడా సరిగ్గా కోయని చాకు కనిపిస్తాయి. బుక్ చేసే ముందు ఇంటి యజమానిని ఇవి అడగండి: పొయ్యి గ్యాసా, ఇండక్షనా? ఎన్ని బర్నర్లు పనిచేస్తున్నాయి? మూత ఉన్న పెద్ద గిన్నె ఉందా? ఫ్రిజ్ మామూలు సైజుదా, లేక కూల్‌డ్రింకులు పెట్టుకునే బుల్లి పెట్టా? ఫ్రీజర్ పనిచేస్తుందా? సొరుగులు తెరిచి ఫొటో తీసి పంపమంటే పంపేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇండక్షన్ పొయ్యి అయితే గిన్నె అడుగున అయస్కాంతం అంటుకోవాలి. లేకపోతే ఆ గిన్నె వేడెక్కదు. కిటికీలోంచి సముద్రం కనిపించే ఒక ఇంట్లో, అల్యూమినియం గిన్నెను ఇండక్షన్ మీద పెట్టి, పొయ్యి పాడైందనుకుని పావుగంట బటన్లన్నీ నొక్కుతూ కూర్చున్నాం. ఫ్రిజ్ తలుపుకున్న బొమ్మ అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూసింది మా అమ్మాయి. జారి కింద పడింది. అప్పుడు అర్థమైంది.

చాకు మొద్దుబారి ఉంటే, పింగాణీ కప్పును బోర్లించండి. అడుగున గ్లేజు లేకుండా గరుకుగా ఒక అంచు ఉంటుంది. ఆ అంచు మీద చాకును కొంచెం ఏటవాలుగా పెట్టి, ఒక పక్క పదిసార్లు, రెండో పక్క పదిసార్లు మెల్లగా లాగండి. కొత్త చాకులా కాకపోయినా టమాటాను నలపకుండా కోస్తుంది. తర్వాత చాకును కడగడం మర్చిపోవద్దు.

రైస్ కుక్కర్ వెంట తీసుకెళ్లవచ్చా?

వోల్టేజీ చూసుకుని. మాల్దీవులు, బాలి, మారిషస్, ఫిజీ లాంటి చోట్ల 220 నుంచి 240 వోల్టులు. హవాయి, జమైకా, బహమాస్ లాంటి చోట్ల 110 నుంచి 120. 240 వోల్టుల కుక్కర్‌ను 120లో పెడితే నాలుగో వంతు వేడే వస్తుంది, అన్నం నానుతుందే తప్ప ఉడకదు. 120 వోల్టుల దాన్ని 240లో పెడితే కాలిపోతుంది. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. నన్నడిగితే కుక్కర్ బరువు అనవసరం. మూత ఉన్న గిన్నె చాలు.

తినే వస్తువులు ఏవి తీసుకెళ్లనిస్తారు?

ద్వీపాల్లో కస్టమ్స్ వాళ్లు బంగారం కంటే మామిడిపండు గురించి ఎక్కువ కంగారు పడతారు. అది చాదస్తం కాదు. బయటి నుంచి వచ్చిన ఒక్క పురుగు, ఒక్క బూజు తెగులు ద్వీపమంతా పంటను తుడిచిపెట్టగలదు. తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మాంసం, తేనె, పాల పదార్థాలు చాలాచోట్ల కుదరవు, లేదా ముందుగా చెప్పాలి. ఫిజీలోనూ, పసిఫిక్‌లోని మిగతా చాలా దేశాల్లోనూ దిగగానే ఇచ్చే కాగితంలో తినే వస్తువులు ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే ‘ఉన్నాయి’ అని టిక్ పెట్టండి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు. దాచిపెట్టి దొరికితే జరిమానా. మాల్దీవులకు పంది మాంసం, మద్యం అసలే తీసుకెళ్లకూడదు.

తిరిగి వచ్చేటప్పుడూ ఇంతే. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లే విమానం ఎక్కే ముందు సామాను మొత్తానికి వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. దేశం ఒక్కటే అయినా సరే.

ఫ్యాక్టరీలో సీలు వేసిన పొడి వస్తువులతో మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా అడిగితే చెప్పాల్సిందే. మా సంచిలో ఎప్పుడూ ఉండేవి: చిన్న డబ్బాల్లో మసాలా పొడులు, ఓట్స్, పసిపిల్లలకు అలవాటైన ఆహారం రెండు రోజులకు సరిపడా, టీ పొడి, జిప్ కవర్లు ఒక డజను, బట్టలకు పెట్టే క్లిప్పులు. క్లిప్పులు ఎందుకంటే, తెరిచిన ప్రతి ప్యాకెట్‌నూ తేమ పట్టేస్తుంది కాబట్టి.

సరుకులు ఎక్కడ, ఎప్పుడు కొనాలి?

దిగిన రోజే, విమానాశ్రయం ఉన్న పట్టణంలోనే, ఇంటికి వెళ్లే దారిలోనే. ఎంత అలసటగా ఉన్నా సరే. పెద్ద దుకాణం సాధారణంగా అక్కడే ఉంటుంది. బీచ్ పక్కన ఉండే చిన్న కొట్టులో అవే వస్తువులు ఎక్కువ రేటు, తక్కువ రకాలు.

మేం ఒకసారి ఈ పని చేయలేదు. శనివారం సాయంత్రం దిగి, రేపు తీరిగ్గా కొనుక్కుందాం అనుకున్నాం. ఆదివారం పొద్దున ఊరంతా తెల్ల బట్టల్లో చర్చికి వెళ్తోంది, దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. విమానంలో ఇచ్చిన బిస్కెట్లు, బ్యాగు అడుగున దొరికిన ఓట్స్ ప్యాకెట్, పక్కింటావిడ జాలిపడి ఇచ్చిన అరటిపండ్లు. ఆ రోజంతా అవే. ఆమె అరటిపండ్లతో పాటు చిన్న నవ్వు కూడా ఇచ్చింది: ‘మీ ముందు వచ్చినవాళ్లూ ఇలాగే.’

కాబట్టి వెళ్లే ముందు క్యాలెండర్ చూడండి. టోంగాలో ఆదివారం విశ్రాంతి దినమని రాజ్యాంగంలోనే ఉంది, దుకాణాలు మూసేస్తారు. సమోవా, కుక్ దీవుల్లోనూ ఆదివారాలు బాగా నిదానంగా నడుస్తాయి. బాలిలో ఏటా న్యేపి అనే మౌన దినం వస్తుంది. ఆ 24 గంటలూ విమానాశ్రయంతో సహా అన్నీ బంద్, పర్యాటకులు కూడా గేటు దాటకూడదు. మాల్దీవుల్లో రంజాన్ నెలలో, స్థానికులు నివసించే దీవుల్లో పగటిపూట తిండి దొరకడం కష్టం. రిసార్టు దీవుల్లో మామూలుగానే ఉంటుంది.

ఇంకొకటి, చిన్న ద్వీపమైతే సరుకుల పడవ ఏ రోజు వస్తుందో దుకాణంలో అడిగి తెలుసుకోండి. పాలు, గుడ్లు, ఆకుకూరలు ఆ రోజు మధ్యాహ్నానికి అల్మారాల్లోకి వస్తాయి. పడవ వచ్చే ముందు రోజు వెళ్తే వాడిపోయిన క్యాబేజీ, డబ్బా చేపలు మిగులుతాయి. ఊళ్లోవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు, తెలియనిది మనకే.

చుట్టూ సముద్రం, చెట్టు నిండా కాయలు. అయినా అన్నీ ఎందుకంత ఖరీదు?

ఎందుకంటే కొబ్బరి చెట్టు ఉన్నంత మాత్రాన గోధుమ పండదు. హవాయిలో తినే ఆహారంలో 85 నుంచి 90 శాతం బయటి నుంచే వస్తుందని అంచనా. మాల్దీవుల్లో సాగుకు పనికొచ్చే నేలే బహు తక్కువ, చేప, కొబ్బరి తప్ప దాదాపు అన్నీ ఓడల్లోనే రావాలి. పాలు, చీజ్, యాపిల్, ద్రాక్ష, బ్రెడ్, పిల్లలు అడిగే ఆ రంగురంగుల సీరియల్ డబ్బా, వీటన్నిటికీ ఓడ కిరాయి కలుస్తుంది. స్థానికంగా దొరికేది తింటే బిల్లు తగ్గుతుంది. చెప్పడం తేలికే. ఆ స్థానిక కాయగూరను ఏం చేయాలో తెలిస్తే కదా! అందుకే తర్వాతి ప్రశ్న.

సీమపనస, కర్రపెండలం, కూర అరటి… వీటిని ఎలా వండాలి?

సీమపనసతో మొదలుపెడదాం. పసిఫిక్ దీవుల ప్రధాన ఆహారాల్లో అదొకటి. తాహితీ నుంచి ఆ మొక్కలను కరీబియన్‌కు చేర్చాలని బయలుదేరిన బౌంటీ ఓడలో 1789లో తిరుగుబాటు జరిగింది. అదే కెప్టెన్ విలియం బ్లై మళ్లీ ఇంకో ఓడలో వెళ్లి 1793లో మొక్కలను సెయింట్ విన్సెంట్, జమైకాలకు చేర్చాడు. బానిసలకు చవకగా తిండి పెట్టడం కోసం పడిన తంటా అది. ఇప్పుడు ఆ దీవుల్లో అది ఇంటింటి కూర.

వండడం కష్టం కాదు. గట్టిగా, ఆకుపచ్చగా ఉన్న ముదురు కాయ తీసుకోండి. కోసేటప్పుడు జిగురు పాలు కారతాయి, చేతికీ చాకుకీ ముందే నూనె రాసుకోండి. చెక్కు తీసి, మధ్యలో బెండు తీసేసి, ముక్కలు చేసి ఉప్పు నీళ్లలో మెత్తగా ఉడకబెట్టండి. అక్కడితో ఆగితే ఆలుగడ్డలా ఉంటుంది. చల్లార్చి, నూనెలో రెండు వైపులా ఎర్రగా వేయిస్తే పిల్లలు చిప్స్ అనుకుని తినేస్తారు. మా ఇంట్లో అలా ఒక కాయ పదిహేను నిమిషాల్లో మాయమైంది.

కర్రపెండలం దుంపను పచ్చిగా ముట్టొద్దు. అందులో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. తోలు మందంగా తీసి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. చేమ ఆకులూ అంతే. సరిగ్గా ఉడకకపోతే అందులోని ఆక్సలేట్ సూదులు గొంతును గీరేస్తాయి, అరగంట, ముప్పావుగంట ఉడకాల్సిందే. జమైకా వెళ్తే ఆకీ అనే ఎర్రటి కాయ కనిపిస్తుంది. అది ఆ దేశపు జాతీయ ఫలం, కానీ చెట్టు మీద దానంతట అది విచ్చుకోకముందు కోసి తింటే విషం. దాన్ని ఇంట్లో ప్రయత్నించకండి, హోటల్లో వండినవాళ్ల చేతి నుంచే తినండి.

కూర అరటి గురించి చెప్పడానికేం లేదు, పచ్చిది వేయించుకోండి, మగ్గినది పెనం మీద కాల్చుకోండి.

చేప కొనేటప్పుడు ఏం చూడాలి?

పొద్దున్నే వెళ్లండి. కళ్లు ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, మట్టి రంగులోకి తిరిగితే వద్దు. వేలితో నొక్కితే కండ గుంట పడకుండా వెనక్కి రావాలి. వాసన సముద్రంలా ఉండాలి, చేపలా కాదు. వినడానికి విచిత్రంగా ఉన్నా అదే అసలు గుర్తు.

అన్నిటికంటే ముందు చేప కింద ఐస్ ఉందా లేదా చూడండి. ఎండలో బల్ల మీద ఆరబెట్టినట్టు పెట్టిన చేప పొద్దున పట్టిందే అయినా నేను కొనను. కారణం కింద చెబుతాను. కొన్నాక శుభ్రం చేసి ముక్కలు కొట్టిమ్మని అడగండి. అద్దె ఇంటి మొద్దు చాకుతో పొలుసులు గీరే పని పెట్టుకోవద్దు, ఆ వాసన మూడు రోజులు పోదు.

తాజా చేప తిన్నా జబ్బు చేస్తుందంటారు, నిజమేనా?

నిజమే. ఉష్ణమండల దీవుల్లో రెండు రకాల ఇబ్బందులు వస్తాయి, రెండింటికీ వంట విరుగుడు కాదు.

మొదటిది సిగ్వాటెరా. పగడపు దిబ్బల మీద పెరిగే సూక్ష్మమైన నాచులో విషం ఉంటుంది. ఆ నాచును చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్దవి, వాటిని ఇంకా పెద్దవి. అలా పైకి వెళ్లేకొద్దీ విషం పోగవుతుంది. అందుకే దిబ్బల దగ్గర వేటాడే పెద్ద చేపలతోనే భయం: బారకూడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్, పెద్ద స్నాపర్, ఆంబర్‌జాక్. ఈ విషానికి రంగు, రుచి, వాసన లేవు. ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలతో మొదలై, పెదాల చుట్టూ, చేతుల్లో తిమ్మిర్లు వస్తాయి. చల్లని నీళ్లు తాకితే కాలినట్టు అనిపించడం దీని ప్రత్యేక లక్షణం. బారకూడా, మోరే ఈల్ పూర్తిగా మానేయండి. మిగతా దిబ్బ చేపల్లో సుమారు రెండున్నర కిలోలు దాటినవి వద్దు. తల, కాలేయం, గుడ్లు అసలే వద్దు, విషం అక్కడే ఎక్కువ. ఏ వైపు పట్టిన చేప మంచిదో స్థానిక జాలర్లను అడగండి, వాళ్లు తమ పిల్లలకు ఏది పెడతారో అదే కొనండి.

రెండోది స్కాంబ్రాయిడ్. ట్యూనా, మాకెరల్, మహిమహి లాంటివాటిని పట్టిన వెంటనే చల్లబరచకపోతే కండలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అచ్చం అలర్జీలా కనిపిస్తుంది. ముక్క నోట్లో పెట్టగానే మిరియంలా నాలుక చురుక్కుమంటే ఉమ్మేయండి. ఐస్ గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. రెండింటిలో ఏది అనుమానం వచ్చినా ఆస్పత్రికి వెళ్లి, ఏం చేప తిన్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇంత భయపెట్టాక ఒక మంచి మాట. కరీబియన్‌లో మెనూలో లయన్‌ఫిష్ కనిపిస్తే ధైర్యంగా రుచి చూడవచ్చు. అది హిందూ మహాసముద్రం, పసిఫిక్‌ల నుంచి అక్కడికి చేరి, స్థానిక చేపలను తినేస్తున్న చేప. ముళ్లలో విషం ఉంటుంది కానీ వాటిని తీసేశాక కండ తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాన్ని పట్టి తినమని అక్కడివాళ్లే ప్రోత్సహిస్తున్నారు.

కుళాయి నీళ్లు తాగవచ్చా? ఐస్ సంగతేంటి?

ద్వీపాన్ని బట్టి. హవాయిలో కుళాయి నీళ్లు తాగవచ్చు. బాలిలో తాగకూడదు. చాలా చిన్న దీవుల్లో వాననీటి ట్యాంకే దిక్కు. సందేహం ఉంటే నీళ్లను తెర్లనిచ్చి, ఒక నిమిషం అలాగే ఉంచి, మూతపెట్టి చల్లార్చుకోండి. పళ్లు తోమడానికి, పిల్లల పాలపొడి కలపడానికి, పండ్లు కడగడానికి కూడా అవే వాడాలి. ఐస్ కూడా నీళ్లే. తాగడానికి పనికిరాని నీళ్లను గడ్డ కట్టిస్తే శుభ్రమైపోవు.

హవాయిలోనూ మరికొన్ని ఉష్ణమండల ప్రాంతాల్లోనూ పచ్చి ఆకుకూరలను ఒక్కొక్క ఆకు విప్పి కడగాలి. నత్తల ద్వారా ఎలుక ఊపిరితిత్తుల పురుగు అనే పరాన్నజీవి మనుషులకు సోకుతుంది, అది మెదడు దాకా వెళ్లగలదు. చిన్న నత్త లెట్యూస్ మడతల్లో దాక్కుంటే కంటికి కనిపించదు.

వండిన అన్నం బయట ఎంతసేపు ఉంచవచ్చు?

మామూలు వాతావరణంలో రెండు గంటలంటారు. 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ద్వీపంలో మధ్యాహ్నం అంటే ఆ ఒక్క గంటే అని లెక్కేసుకోండి. అన్నం విషయంలో ఇంకాస్త జాగ్రత్త: అందులో పెరిగే ఒక బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెతో సహా పెడితే నడిమధ్యన గంటల తరబడి వేడిగానే ఉంటుంది.

బీచ్‌కి తీసుకెళ్లే డబ్బాలో పక్కన గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి పెట్టండి. తిండి చల్లగా ఉంటుంది, కరిగాక తాగడానికి నీళ్లు.

చీమలు?

ఉంటాయి. పంచదార, బ్రెడ్, తేనె అన్నీ ఫ్రిజ్‌లోకే. రాత్రి గిన్నెలు తోమకుండా పడుకోవద్దు.

మంచి హోటల్‌ను ఎలా గుర్తుపట్టాలి?

సముద్రం కనిపించే వరుసలో కాకుండా, రెండు వీధులు వెనక్కి నడవండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి యూనిఫాం వేసుకున్నవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, బడి పిల్లలు ఎక్కడ వరుస కట్టారో చూడండి. మెనూ చిన్నదై, చేత్తో రాసి ఉండి, రెండు మూడు అయిపోయాయని కొట్టేసి ఉంటే ఇంకా మంచిది, ఈరోజు వండింది ఈరోజే అమ్ముతున్నారని అర్థం. ఆరు దేశాల వంటకాలు, ఫొటోలతో ఉన్న ఇరవై పేజీల మెనూ అయితే ఫ్రీజర్ పెద్దదని అర్థం. రోడ్డు పక్క బండి అయితే కళ్ల ముందు పొయ్యి మీంచి నేరుగా ప్లేటులోకి వచ్చేదే తీసుకోండి.

వేళలు కూడా గమనించుకోండి. రీయూనియన్, మార్టినిక్ లాంటి ఫ్రెంచ్ దీవుల్లో మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటగదులు మూతపడి, మళ్లీ రాత్రి ఏడుకి గానీ తెరుచుకోవు. మూడున్నరకి ఆకలితో వెళ్తే కాఫీయే గతి.

పిల్లలు కొత్తవేవీ తినరు. ఏం చేయాలి?

పోరు పెట్టకండి. ప్రతి టేబుల్ మీద తెలిసినది ఒకటి (అన్నం, బ్రెడ్, కాల్చిన చికెన్, ఏదో ఒకటి), తెలియనిది ఒకటి ఉండేలా ఆర్డర్ చేయండి. తెలియనిది పెద్దవాళ్ల ప్లేటులోంచి ఒక్క ముక్క రుచి చూస్తే చాలు, తినాల్సిన అవసరం లేదు. మా అబ్బాయి అలాగే ఆక్టోపస్ నమిలాడు. పళ్ల మధ్య రబ్బరులా సాగుతోందని నవ్వుకుంటూ ఇంకో ముక్క అడిగాడు. అదే అబ్బాయి ఆ ట్రిప్ మొత్తం బొప్పాయి ముట్టలేదు.

ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టవద్దు, ఎంత స్వచ్ఛమైన ద్వీపపు తేనె అని చెప్పినా సరే.

మేం శాకాహారులం. ఇబ్బంది పడతామా?

‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. చేపను మాంసం లెక్కలో వేయని చోట్లు చాలా ఉన్నాయి. ఇండోనేసియా, థాయ్ దీవుల్లో కంటికి కూరగాయల వేపుడుగానే కనిపిస్తుంది, అందులో రొయ్యల ముద్ద గానీ చేపల సాస్ గానీ ఉంటుంది. మాల్దీవుల వంటల్లో ట్యూనా ముక్కలు ఎక్కడైనా తేలతాయి. స్థానిక భాషలో ‘చేప, రొయ్య, మాంసం, చేపల సాస్ ఏవీ వద్దు’ అని కాగితం మీద రాయించుకుని, ఆర్డర్ తీసుకునేవాళ్లకు కాకుండా వంటగదిలోకి చూపించమనండి. అలర్జీ ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి. వాళ్లు అదనంగా, వేపుడు నూనె వేరుగా ఉందా అని అడగాలి. రొయ్యలు వేగిన నూనెలోనే బంగాళాదుంపలు వేగుతాయి. శాకాహారులకు వంటగది ఉన్న ఇల్లు సౌకర్యం కాదు, అవసరం.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులెందుకు?

పన్ను, సర్వీస్ చార్జీ విడిగా పడతాయని. బాలి, మాల్దీవుల్లో ఇది మామూలు. మాల్దీవుల్లో 2025 జులై నుంచి పర్యాటక పన్నే 17 శాతం, దానిపైన సర్వీస్ చార్జీ కూడా పడుతుంది. అంటే మెనూలో చూసిన ధరకు పావు వంతుకు పైగా కలిపి లెక్కేసుకోవాలి. బిల్లులో సర్వీస్ చార్జీ వేసి ఉంటే మళ్లీ టిప్ ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. హవాయిలో మాత్రం 15 నుంచి 20 శాతం టిప్ ఇస్తారనే లెక్కతోనే జీతాలు నడుస్తాయి. ఫ్రెంచ్ పోలినేసియాలో టిప్ ఆశించరు.

అన్నీ కలిపిన రిసార్టు ప్యాకేజీ లాభమా?

ఒకే రిసార్టు ఉన్న దీవి అయితే తీసుకోండి, వేరే దారి లేదు. ఈత కొట్టి వచ్చి గంటకోసారి తినే టీనేజ్ పిల్లలుంటే కూడా లాభమే. బయట ఊరు, బజారు ఉన్న ద్వీపంలో అయితే పొద్దుటి టిఫిన్ వరకే కలిపి తీసుకుంటాను. డబ్బు కట్టేశాం కదా అని రోజూ అదే బఫే ముందు నిలబడితే, మార్కెట్‌లో ఘుమఘుమలాడేది చూసి కూడా వెనక్కి వచ్చేస్తాం.

బీచ్‌లో పొయ్యి పెట్టుకోవచ్చా?

గ్రిల్ కోసం కేటాయించిన చోట మాత్రమే. ఇసుకలో బొగ్గులు పూడ్చిపెట్టి వెళ్లిపోవద్దు, పైకి చల్లగా కనిపించినా లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది, తర్వాత వచ్చే పిల్లల పాదాలు కాలతాయి. నీళ్లు పోసి పూర్తిగా ఆర్పండి.

కరీబియన్ తీరాల్లో అయితే కట్టెల కోసం చెట్లవైపు వెళ్లకండి. అక్కడ మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న ఆకుపచ్చ యాపిల్‌లా కాయలు రాలుతుంటాయి, తీయటి వాసన. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు, కట్టె కాలిస్తే పొగ కళ్లను మండిస్తుంది. వాన పడుతుంటే దాని కింద నిలబడినా ప్రమాదమే. చాలాచోట్ల మానుకు ఎర్ర గీతో బోర్డో ఉంటుంది, కానీ అన్నిచోట్లా కాదు. ఇసుకలో దొరికిన ఏ కాయనూ నోట్లో పెట్టకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

ఎవరికైనా కడుపు పాడైతే?

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉండాలి. లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి కొలవండి. కొంచెం కొంచెంగా తాగించాలి. కొబ్బరి నీళ్లు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. మలంలో రక్తం, తగ్గని జ్వరం, పిల్లలకు గంటల తరబడి మూత్రం రాకపోవడం ఉంటే ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చివరి రోజు మిగిలిన సరుకులు ఏం చేయాలి?

రెండు రోజుల ముందు నుంచే కొనడం ఆపేయండి. ఆఖరి రాత్రి వంట అంటే ఫ్రిజ్‌లో ఉన్నదంతా: మూడు గుడ్లు, సగం ఉల్లిపాయ, చీజ్ తునక, నిన్నటి అన్నం. అన్నీ ఒకే పెనంలోకి. నూనె, ఉప్పు, పంచదార, టీ పొడి మూతలు బిగించి అల్మారాలో వరుసగా పెట్టి, యజమానికి మెసేజ్ పెట్టండి, తర్వాత వచ్చేవాళ్లు వాడుకోవచ్చా అని. సీలు తీయని ప్యాకెట్లు ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చేవాళ్లకు అడిగి ఇవ్వండి. మేం ఆ అరటిపండ్లావిడకు బియ్యం సంచి ఇచ్చి వచ్చాం. ఆమె లోపలికి వెళ్లి, కవర్‌లో ఇంకో అరటి హస్తం పెట్టి తెచ్చింది. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర తీసేసుకుంటారని తెలిసి, టాక్సీలోనే అన్నీ తినేశాం.